ఎకో చిప్పులో బకెట్ల వరుస: ‘అనలాగ్ డిలే’ అనే మాట వెనుక ఉన్న లెక్క

విశాఖపట్నంలో ‘అనలాగ్ ఎకో’ అనే మాటను ముగ్గురు మూడు అర్థాలతో వాడటం వినిపిస్తుంది. వినాయక చవితి పందిళ్ళకు మైక్ సెట్టు కట్టేవారి దృష్టిలో, తెరా మెనూలూ లేకుండా కేవలం నాబ్ తిప్పితే పనిచేసే ఎకో యాంప్లిఫయరే అనలాగ్. బీచ్ రోడ్డు చుట్టుపక్కల బ్యాండ్లలో గిటార్ వాయించే యువకుల దృష్టిలో, ప్రతి ప్రతిధ్వనీ ముందుదానికన్నా కొంచెం మసకబారుతూ వెనక్కి తగ్గిపోయే పెడల్ (గిటార్‌కు తగిలించి కాలితో నొక్కే చిన్న పెట్టె) అనలాగ్. ఇంజనీరింగ్ చదివే విద్యార్థిని అడిగితే, శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకునే ఏ చిప్పునైనా అనలాగ్ అనడమే తప్పంటాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల దుకాణంలో ‘ఎకో ఐసీ’ అని అడిగినవారి చేతికి రెండు పూర్తిగా వేరు జాతుల చిప్పుల్లో ఏదో ఒకటి రావచ్చు. ఆ తేడా ధరలోనూ, పనితీరులోనూ, చివరికి వినబడే ధ్వనిలోనూ కనిపిస్తుంది. ఆ చిక్కుముడిని విప్పాలంటే ముందు అసలు శబ్దాన్ని ఎంతసేపు ఆపాలి, ఎందుకు ఆపాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

ఎంత ఆలస్యం చెవికి ఏమనిపిస్తుంది

వేసవిలో సుమారు 30 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు ప్రయాణిస్తుంది. రామకృష్ణా బీచ్‌లో వేదిక కట్టి, జనం చివర ఉన్నవారి కోసం 70 మీటర్ల దూరంలో మరో జత స్పీకర్లు నిలబెట్టారనుకుందాం. తీగలో విద్యుత్తు క్షణంలో చేరుతుంది కాని, వేదిక దగ్గర పుట్టిన శబ్దం గాలిలో అక్కడికి చేరడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. అందుచేత దూరపు స్పీకర్లకు వెళ్ళే సంకేతాన్ని కావాలని 200 మిల్లీసెకన్లు ఆపకపోతే, చివరి వరుసలవారికి ఒకే మాట రెండుసార్లు వినబడుతుంది. శబ్దాన్ని ఆపే ఏర్పాటు అవసరమయ్యే సందర్భాల్లో ఇది ఒకటి.

సంగీతంలో అదే ఏర్పాటును ఇందుకు తలకిందులుగా వాడతారు. అక్కడ రెండుసార్లు వినబడటమే కావాలి. ఆలస్యం 50 మిల్లీసెకన్లు దాటితే చెవి సాధారణంగా దాన్ని వేరే ప్రతిధ్వనిగా గుర్తిస్తుంది. 15 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఉండి కొంచెం కదులుతూ ఉంటే ఇద్దరు కలిసి వాయిస్తున్నట్టు అనిపిస్తుంది. దాన్ని కోరస్ అంటారు. ఇక పది మిల్లీసెకన్ల లోపు అయితే చెవికి ఆలస్యమే తెలియదు, స్వరం రంగు మాత్రం మారుతుంది. ఒక మిల్లీసెకను ఆలస్యంతో వచ్చిన నకలును అసలు శబ్దంతో కలిపామంటే, 500 హెర్ట్జ్ తరంగానికి ఆ ఒక మిల్లీసెకను సరిగ్గా సగం ఆవర్తనం అవుతుంది కాబట్టి ఒకదాని ఎత్తు రెండోదాని పల్లంలో పడి రెండూ రద్దవుతాయి. 1,500, 2,500 హెర్ట్జ్ దగ్గరా అదే జరుగుతుంది. దువ్వెన పళ్ళలా వరుసగా పడిన ఈ ఖాళీలు, ఆలస్యాన్ని మెల్లగా మారుస్తూ పోతే పైకీ కిందికీ జరుగుతాయి. జెట్ విమానం తలమీదుగా పోతున్నట్టు వినిపించే ఫ్లాంజర్ రహస్యం అదే. అంటే వేరువేరు పేర్లతో అమ్మే మూడు పెడళ్ళ లోపల ఉన్న ముఖ్యమైన పని ఒక్కటే, మారేది ఆలస్యం కొలత.

చిప్పు రాకముందు ఆలస్యాన్ని ఎలా తెచ్చేవారు

టేపు మీద ఒకచోట రికార్డు చేసి, కొద్ది దూరంలో ఇంకో హెడ్డుతో చదివించడం పాత పద్ధతి. టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంటే, రెండు హెడ్ల మధ్య 3.8 సెంటీమీటర్ల దూరం ఉంచితే 200 మిల్లీసెకన్లు దక్కుతాయి. 1974లో వచ్చిన రోలాండ్ వారి స్పేస్ ఎకో ఈ పద్ధతికి పేరెన్నికగన్న ఉదాహరణ. ధ్వని బాగుండేది కాని మోటారు, రబ్బరు రోలరు, అరిగిపోయే టేపు, హెడ్ల శుభ్రత అన్నీ చూసుకోవాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో అటువంటి యంత్రాన్ని నడపడం ఎంత పనో క్యాసెట్ ప్లేయర్లు బాగుచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పాత టీవీ మెకానిక్కులకు ‘డిలే లైన్’ అనే పేరు మరో విధంగా పరిచయం. మన దేశంలో 1982లో మొదలైన రంగుల ప్రసారాల పాల్ పద్ధతిలో, ఒక గీత రంగు సంకేతాన్ని తరువాతి గీతతో పోల్చడానికి 64 మైక్రోసెకన్లు ఆపాలి. అందుకు టీవీ లోపల ఒక చిన్న గాజు పలక ఉండేది; సంకేతాన్ని అతిధ్వనిగా మార్చి ఆ గాజులో అటూ ఇటూ ప్రతిఫలింపజేసి మళ్ళీ విద్యుత్తుగా తీసుకునేవారు. ఇదే గాజుతో పాటకు ఎకో ఎందుకు పెట్టలేరన్నది సహజమైన ప్రశ్న. 200 మిల్లీసెకన్లంటే 64 మైక్రోసెకన్లకు మూడు వేల రెట్లకు పైమాట. గాజులో ధ్వని సెకనుకు కొన్ని వేల మీటర్లు పోతుంది కాబట్టి, ఆ పలకను వందల మీటర్ల దారిగా సాగదీయాల్సి వస్తుంది.

స్లాబు వేసే రోజు తట్టల వరుస

1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో పనిచేస్తున్న సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఈ సమస్యకు కదిలే భాగాలేవీ అవసరం లేని పరిష్కారాన్ని ప్రకటించారు. మంటలు ఆర్పడానికి జనం వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకునే దృశ్యాన్ని బట్టి దానికి బకెట్ బ్రిగేడ్ అనే పేరు వచ్చింది. మనకు ఇంకా దగ్గరి దృశ్యం ఇంటి స్లాబు వేసే రోజు కనిపిస్తుంది. కింద కలిపిన కాంక్రీటు, మెట్ల మీద వరుసగా నిలబడిన కూలీల చేతుల మీదుగా తట్ట తరువాత తట్టగా పైకి పోతుంది. ఏ కూలీ తన చోటు వదిలి కదలడు, కాంక్రీటు మాత్రం కదులుతుంది.

ఈ వరుసలో ఒక నియమం దాగి ఉంది. చేతిలో తట్ట ఉన్న మనిషి దాన్ని పైవాడికి ఇచ్చేదాకా కిందివాడి నుంచి మరొకటి అందుకోలేడు. అందరూ ఒకేసారి ఇవ్వబోతే ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. అందుకని మేస్త్రీ ‘ఒకటి’ అనగానే బేసి స్థానాల్లోనివారు పైకి అందిస్తారు, ‘రెండు’ అనగానే సరి స్థానాల్లోనివారు అందిస్తారు అనుకుందాం. అప్పుడు ఏ క్షణంలో చూసినా సగం మంది చేతుల్లోనే తట్టలుంటాయి, మిగతా సగం మంది ఖాళీ చేతులతో ఎదురుచూస్తుంటారు. పదిమంది వరుసలో ఐదు తట్టలే ఉంటాయి.

చిప్పులో కూలీకి బదులు ఒక ట్రాన్సిస్టరు, తట్టకు బదులు విద్యుదావేశాన్ని నిల్వ ఉంచే ఒక బుల్లి కెపాసిటరు. మేస్త్రీ కేకకు బదులు రెండు క్లాక్ సంకేతాలు ఒకటి మార్చి ఒకటి ఎగసిపడుతుంటాయి. లోపలికి వచ్చే శబ్దపు వోల్టేజిని క్లాక్ ఒక్కొక్క చుట్టుకు ఒక్కసారి తీసుకుని, దానికి తగినంత విద్యుదావేశంగా మొదటి కెపాసిటరులో నింపుతుంది. ఒక తట్ట నిండుగా, మరొకటి ముప్పావు, ఇంకొకటి అడుగంటినట్టు ఉండవచ్చు. ఆ హెచ్చుతగ్గులే పాట.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. తట్టలో ఎంత ఉందో ఎవరూ తూచలేదు. ఉన్నది ఉన్నట్టు చేతులు మారింది. అలా కాకుండా, కిందనే ప్రతి తట్టనూ తూకం వేసి, ‘పద్దెనిమిది కిలోలు’ అని చీటీ మీద రాసి, చీటీలను మాత్రం పైకి పంపి, పైన ఆ చీటీ చూసి అంతే కాంక్రీటు మళ్ళీ తూచి పోసే పద్ధతి కూడా ఊహించవచ్చు. అది డిజిటల్. చీటీ ఎన్ని చేతులు మారినా అంకె చెరగదు, కాని పద్దెనిమిది కిలోల మూడు వందల గ్రాములను పద్దెనిమిదిగా రాసిన తప్పు మొదట్లోనే జరిగిపోయింది. తట్టల వరుసలో ఆ మొదటి తప్పు లేదు, దారిలో ఒలకడం మాత్రం ఉంది.

నిజానికి ఈ చిప్పులో పైకి పోయేది కాంక్రీటు కూడా కాదు, వెలితి. పైస్థానంలోని కెపాసిటరు ముందే నిండుగా ఉండి, కింది కెపాసిటరులో ఎంత తక్కువైతే అంత తనలోంచి పోసి దాన్ని నింపుతుంది. అందువల్ల ఆ తక్కువ ఇప్పుడు పైదానికి సంక్రమిస్తుంది. ఆవేశం ఒక దిక్కుకు, సమాచారం ఎదురు దిక్కుకు పోతాయి. సర్క్యూట్ చదివేవారిని మొదటిసారి తికమక పెట్టేది ఇదే కాని, లెక్కలో మాత్రం ఏ తేడా రాదు.

అదే 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో బాయిల్, స్మిత్ ఇదే కోవకు చెందిన సీసీడీ అనే చిప్పును రూపొందించారు. ఆవేశాన్ని వరుసగా జరపడం అనే సూత్రం అక్కడా ఉంది. అది కెమెరాల్లోకి వెళ్ళింది, 2009లో వారిద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. బకెట్ల వరుస గిటార్ పెడళ్ళలో స్థిరపడింది.

దశలు, క్లాక్, ఆలస్యం: మూడింటి లెక్క

వరుసలో ఉన్న ఒక్కొక్క కెపాసిటరును ఒక దశ అంటారు. క్లాక్ ఒక పూర్తి చుట్టు తిరిగితే ‘ఒకటి’, ‘రెండు’ రెండూ అయిపోతాయి కాబట్టి తట్ట రెండు దశలు ముందుకు జరుగుతుంది. అందువల్ల మొత్తం దశల సంఖ్యను క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది.

జపాన్‌కు చెందిన మత్సుషిత సంస్థ, అంటే పానసోనిక్ పేరుతో మనకు తెలిసిన సంస్థ, ఎంఎన్ 3000 వరుసలో ఈ చిప్పులను తయారుచేసింది. అందులో ఎంఎన్ 3007లో 1,024 దశలు ఉంటాయి. క్లాక్ సెకనుకు 10,000 చుట్లు తిరిగితే 1,024ను 20,000తో భాగించాలి, 51.2 మిల్లీసెకన్లు వస్తుంది. క్లాక్‌ను లక్షకు పెంచితే అది 5.12 మిల్లీసెకన్లకు దిగుతుంది. కోరస్‌కు ఈ రెండింటి మధ్య పరిధి చక్కగా సరిపోతుంది. వినబడే ఎకో కావాలంటే 4,096 దశల ఎంఎన్ 3005 వంటిది అవసరం. 10,000 చుట్ల క్లాక్‌తో అది 204.8 మిల్లీసెకన్లు ఆపుతుంది. పైన చెప్పిన బీచ్‌లో 70 మీటర్ల దూరానికి దాదాపు అంతే కావాలన్నది గుర్తుండే ఉంటుంది.

ఇంకా ఎక్కువ కావాలంటే క్లాక్‌ను ఇంకా తగ్గించవచ్చు కదా అనిపిస్తుంది. తగ్గించవచ్చు, కాని దానికి చెల్లించే మూల్యం ఉంది. ఒక సెకనులో 10,000 సార్లు మాత్రమే నమూనా తీసుకుంటే, అందులో సగమైన 5,000 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దాన్ని సరిగా పట్టుకోవడం సాధ్యం కాదు. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం వంటిదే ఇక్కడా జరుగుతుంది: 7,000 హెర్ట్జ్ శబ్దం లోపలికి పోతే అది 3,000 హెర్ట్జ్ అనే లేని శబ్దంగా బయటికి వస్తుంది. అందుకని చిప్పుకు ముందే ఒక ఫిల్టరు పెట్టి పై శబ్దాలను కోసేయాలి. ఏ ఫిల్టరూ గోడలా ఒక్కసారిగా కోయదు కాబట్టి ఆచరణలో క్లాక్ వేగంలో మూడో వంతు దగ్గరే ఆపుతారు; అంటే సుమారు 3,300 హెర్ట్జ్. పాత ల్యాండ్‌లైన్ ఫోనులో గొంతు దాదాపు ఈ మేరకే వినిపించేది. గిటార్ తీగల మూలస్వరాలు ఈ హద్దుకు ఎంతో కిందనే ఉంటాయి కాబట్టి ఆ వాద్యం తట్టుకుంటుంది. భజనలో తాళాల గలగల మాత్రం ఈ ఫిల్టరు దగ్గరే నిలిచిపోతుంది.

1981లో వచ్చిన బాస్ డీఎం 2 అనే పెడల్ ఈ బేరం ఎంత దూరం పోతుందో చూపిస్తుంది. దాని ఆలస్యం 20 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా ఉండేది. 4,096 దశలతో 300 మిల్లీసెకన్లు రావాలంటే క్లాక్ సెకనుకు సుమారు 6,830 చుట్లకు దిగాలి. ఆ అంకె చెవికి వినబడే పరిధిలోనే ఉంది. అంటే చిప్పును నడిపే క్లాకే ఈలలా వినబడగలదు. దాన్ని అణచడానికి చిప్పు తరువాత కూడా గట్టి ఫిల్టరు కావాలి. ఆ పెడల్‌కు పేరు తెచ్చిన ‘వెచ్చటి’ ధ్వని చాలావరకు ఈ నిర్బంధంలోంచి వచ్చింది. రెండో దారి చిప్పులను ఒకదాని వెనుక ఒకటి కట్టడం. ఎలక్ట్రో హార్మోనిక్స్ వారి డీలక్స్ మెమరీ మ్యాన్‌లో రెండు ఎంఎన్ 3005లు కలిసి 8,192 దశలతో 550 మిల్లీసెకన్ల దాకా ఇచ్చేవి. అక్కడా లెక్క వేస్తే క్లాక్ 7,450 దగ్గరికి వస్తుంది. దశలు రెట్టింపైనా ఆలస్యం కూడా పెరిగినందువల్ల ధ్వనిలో చీకటి, అంటే పై శబ్దాలు లేని మసకదనం, తగ్గలేదు.

దారిలో ఒలికేది, అంటుకునేది

ప్రతి తట్టలోనూ కొంత కాంక్రీటు అంటుకుని మిగిలి, తరువాతి విడతలో కలిసిపోతుంది. చిప్పులోనూ ప్రతి బదిలీలో అతి కొద్ది భాగం వెనుకబడుతుంది. ఊహ కోసం ఒక్కో దశలో పదివేలలో ఒక వంతు మిగిలిపోతుందనుకుందాం. 512 దశలు దాటేసరికి అసలు నమూనాలో 95 శాతం సమయానికి చేరుతుంది. 4,096 దశలు దాటితే 66 శాతమే చేరుతుంది. మిగిలినది మాయం కాలేదు. వెనుక వచ్చే నమూనాల్లో కలిసింది. పక్కపక్క నమూనాలు ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోతే మొట్టమొదట అరిగిపోయేవి వేగంగా మారే పై శబ్దాలే.

దీనికి తోడు చిప్పు లోపల పుట్టే ‘హిస్స్’ ఒకటి. దాన్ని అణచడానికి చాలా పరికరాల్లో కంపాండర్ అనే ఏర్పాటు పెట్టారు. ఎన్‌ఈ 570 దీనికి బాగా వాడిన ఐసీ. చిప్పులోకి పోయేముందు శబ్దపు హెచ్చుతగ్గులను సగానికి నొక్కి, బయటికి వచ్చాక మళ్ళీ రెట్టింపు చేస్తుంది. 60 డెసిబెళ్ళ పరిధి ఉన్న పాట 30 డెసిబెళ్ళలో ఒదిగి వరుస దాటుతుంది. మెల్లని శబ్దం గట్టిపడి వెళుతుంది కాబట్టి హిస్స్‌లో మునగదు, తిరిగి విప్పేటప్పుడు ఆ హిస్స్ కూడా కిందికి అణగిపోతుంది. అయితే స్వరం ఆగిపోతున్నప్పుడు వెనుక హిస్స్ ఊపిరి పీల్చి వదిలినట్టు కదలడం శ్రద్ధగా వినేవారికి తెలుస్తుంది.

ఎకోలో బయటికి వచ్చిన శబ్దాన్నే మళ్ళీ లోపలికి పంపుతారు. 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక్కో చుట్టుకు 3 డెసిబెళ్ళు తగ్గుతుందనుకుంటే, నాలుగో ప్రతిధ్వనికి 12 డెసిబెళ్ళు తగ్గి, ఆ శబ్దపు ఎత్తు పావు వంతుకు పడిపోతుంది. మంద్రంగా ఉన్న భాగం అంతగా తగ్గదు. దూరం నుంచి వచ్చే శబ్దంలో పై స్థాయులు గాలిలోనే అరిగిపోవడం మన చెవులకు పుట్టుకతో అలవాటు. అందుకే ఈ లోపం లోపంగా కాక దూరంగా వినిపిస్తుంది. లోపానికి ఇంత అదృష్టం పట్టడం ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

క్లాక్‌ను ఊపితే శ్రుతి ఎందుకు కదులుతుంది

మేస్త్రీ కేకలు మెల్లగా వేస్తున్నప్పుడు వరుసలోకి ఎక్కిన తట్టలు, అతడు వేగం పెంచాక పైకి చేరితే, ఎక్కినదానికన్నా దగ్గరదగ్గరగా దిగుతాయి. శబ్దం విషయంలో దగ్గరదగ్గరగా దిగడమంటే శ్రుతి పెరగడం. క్లాక్‌ను నెమ్మదిగా హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటే నకలు స్వరం అసలు స్వరానికి అటూ ఇటూ ఊగుతుంది. ఇద్దరు పాడేటప్పుడు ఎన్నడూ అచ్చంగా ఒకే శ్రుతిలో ఉండరు కాబట్టి చెవి దాన్ని రెండో మనిషిగా అర్థం చేసుకుంటుంది. సెకనుకు ఒకసారి, రెండు మిల్లీసెకన్లు అటూ రెండు ఇటూ ఊపితే శ్రుతి మార్పు గరిష్ఠంగా 1.26 శాతం అవుతుంది. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉన్న తేడాలో అది ఐదో వంతుకు కాస్త ఎక్కువ. 1976లో బాస్ సంస్థ సీఈ 1 అనే పెడల్‌గా అమ్మినది ఈ ఊపునే.

ఇంతకీ ఇది అనలాగా, డిజిటలా

విద్యార్థి అభ్యంతరం తేలికగా కొట్టిపారేయదగినది కాదు. కాలాన్ని ముక్కలు చేయడం, సగం వేగపు హద్దు, లేని శబ్దాలు పుట్టడం, ముందూ వెనుకా ఫిల్టర్లు అవసరమవడం, ఇవన్నీ డిజిటల్ పుస్తకంలో మొదటి అధ్యాయంలో ఉండేవే. పెడల్ అమ్మేవారి మాటా అబద్ధం కాదు: ఇక్కడ ఎక్కడా అంకె లేదు, ప్రతి నమూనా ఏ విలువైనా తీసుకోగలదు. సరైన వర్ణన ఏమిటంటే, ఇది కాలంలో తెగి, ఎత్తులో, అంటే వోల్టేజిలో, తెగని సంకేతం. అనలాగ్, డిజిటల్ అనే రెండు గదులే ఉన్నాయనుకోవడం వల్ల ఈ వాదన తెగడం లేదు. నిజానికి కాలం, ఎత్తు అనే రెండు వేరు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పాలి.

అయితే వినేవారికి ఇష్టమైన గుణం ఈ రెండింటిలో దేనివల్ల వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. ఒక వర్గం ఎత్తు తెగకపోవడమే మాధుర్యానికి మూలమంటుంది. మరో వర్గం, ఫిల్టర్లూ కంపాండరూ ఒలకడమూ అన్నీ కొలవదగినవే కాబట్టి వాటిని కంప్యూటరు లెక్కలో అచ్చుగుద్దవచ్చంటుంది. నా ఉద్దేశంలో రెండో వర్గం సత్యానికి దగ్గరగా ఉంది, కాని అది కూడా ఒక విషయాన్ని తగినంతగా నొక్కి చెప్పదు. ఈ చిప్పులో దశల సంఖ్య స్థిరం, క్లాక్ మాత్రమే మారుతుంది. మామూలు డిజిటల్ డిలేలో క్లాక్ స్థిరం, జ్ఞాపకంలో వాడుకునే గదుల సంఖ్య మారుతుంది. మొదటిదానిలో ఆలస్యం పెంచితే చీకటి పెరగక తప్పదు, నాబ్ తిప్పుతుండగా శ్రుతి సాగక తప్పదు. రెండోదానిలో ఈ రెండూ సహజంగా రావు, కావాలంటే పనిగట్టుకుని కల్పించాలి. ‘అనలాగ్ స్వభావం’ అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం ఈ ఏర్పాటు నుంచే వస్తోంది.

ఎకో బోర్డుల్లో ఉండే పీటీ 2399

పై మాటకు రుజువు మన మైక్ సెట్టుల్లోనే దొరుకుతుంది. కరోకే పెట్టెల్లో, చవక ఎకో బోర్డుల్లో విరివిగా కనిపించే చిప్పు తైవాన్‌కు చెందిన ప్రిన్స్‌టన్ టెక్నాలజీ వారి పీటీ 2399. ఇందులో శబ్దం బిట్లుగా మారి, సుమారు 44,000 బిట్ల జ్ఞాపకంలో నిలిచి, మళ్ళీ శబ్దమవుతుంది. కాబట్టి ఇది నిస్సందేహంగా డిజిటల్, చీటీల పద్ధతి. మైక్ సెట్టు వారు అనలాగ్ అనుకునేవాటిలో చాలావాటి లోపల ఉన్నది ఇదే, లేదా ఇటువంటిదే.

అయినా ఇది బకెట్ల వరుసలాగే ప్రవర్తిస్తుంది. దీని జ్ఞాపకం పరిమాణం మారదు. ఒక రెసిస్టరు విలువను మార్చి క్లాక్‌ను మారుస్తారు. అర కిలో ఓము దగ్గర ఆలస్యం 31 మిల్లీసెకన్లు, 27.6 కిలో ఓముల దగ్గర 342 మిల్లీసెకన్లు. 342 దగ్గర సెకనుకు దాదాపు 1,29,000 బిట్లే నడుస్తాయి. 31 దగ్గర అంతకు పదకొండు రెట్లు నడుస్తాయి. ఆలస్యం పెంచేకొద్దీ ధ్వని గరుకెక్కుతుంది, హద్దు దాటించి సాగదీస్తే ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. నాబ్ తిప్పితే శ్రుతి సాగుతుంది. చెవికి ఇది పాత పెడల్‌కు బంధువే, లోపలి పనిలో మాత్రం పరాయిది. పెద్ద తేడా ఎక్కడంటే, బకెట్ల చిప్పుతో కొన్ని మిల్లీసెకన్లకు దిగి ఫ్లాంజర్ చేయవచ్చు. పీటీ 2399 ముప్పై దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ పనికి అక్కరకు రాదు. ‘అనలాగ్ డిలే’ అని అమ్మే పెడల్ లోపల ఇది ఉంటే మోసమా కాదా అన్నది, అమ్మినవారు ‘అసలు శబ్దం దారి మాత్రం అనలాగే’ అని ఎక్కడైనా రాశారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది; చాలా పెడళ్ళలో వాయించిన స్వరం చిప్పులోకి పోకుండా నేరుగా బయటికి వస్తుంది, ప్రతిధ్వని మాత్రమే బిట్ల గుండా పోయి వస్తుంది.

పాత చిప్పులు, మళ్ళీ తయారైనవి, పేరు మార్చుకున్నవి

మత్సుషిత వారు ఈ వరుసను ఎప్పుడో ఆపేశారు. రెటికాన్ వారి ఎస్‌ఏడీ 1024, ఫిలిప్స్ వారి టీడీఏ 1022 కూడా పాత నిల్వల్లోనే దొరుకుతాయి. గిరాకీ మాత్రం ఆగలేదు కాబట్టి కూల్ ఆడియో అనే సంస్థ వీ 3205, వీ 3207 పేర్లతో, బెల్లింగ్ అనే సంస్థ బీఎల్ 3207, బీఎల్ 3208 పేర్లతో తక్కువ వోల్టేజి రకాలను తయారుచేశాయి. 15 వోల్టులు కోరే ఎంఎన్ 3005కు బదులుగా ఎక్స్‌వైవ్ పేరుతో కొత్తది వచ్చింది. బాస్ సంస్థ 2014లో డీఎం 2ను బకెట్ల చిప్పులతోనే తిరిగి విడుదల చేసింది.

దొరకని వస్తువుకు నకిలీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒకసారి నేను తెప్పించుకున్న చిప్పు మీద 3208 అని ముచ్చటగా అచ్చయి ఉంది. అంటే 2,048 దశలు, 10,000 చుట్ల క్లాక్‌తో 102.4 మిల్లీసెకన్లు రావాలి. తరంగాన్ని తెరమీద చూపే ఆసిలోస్కోప్‌లో చూస్తే సరిగ్గా 51.2 కనిపించింది. కాళ్ళ అమరిక ఒకటే అయిన 1,024 దశల చిప్పు పైపేరు గీకి వేరే పేరు అచ్చువేశారన్నమాట. పేరు మారినా కూలీల సంఖ్య మారదు కదా. అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వలేదు గాని, ఆ చిప్పు ఇప్పటికీ ఒక కోరస్ పెట్టెలో తన అసలు పని చక్కగా చేస్తోంది.

అసలైన చిప్పే దొరికినా, పాతది తీసి కొత్తది పెట్టగానే అంతా అయిపోయినట్టు కాదు. ప్రతి చిప్పుకూ లోపలికి వచ్చే శబ్దాన్ని ఏ వోల్టేజి చుట్టూ ఊగనివ్వాలన్నది కొద్దిగా వేరుగా ఉంటుంది. తట్ట సగం నిండి ఉన్నప్పుడే అటు పొంగకుండా, ఇటు అడుగంటకుండా రెండు వైపులా చోటు దొరుకుతుంది. అందుకే బోర్డు మీద చిన్న ప్రీసెట్ (తిప్పి కుదిర్చే బుల్లి రెసిస్టరు) ఒకటి ఉంటుంది. అది పాత చిప్పుకు కుదిర్చిన చోటే ఉండిపోతే, కొత్త చిప్పు కూడా గరగరలాడుతుంది, లేదా అసలు మాటే రాదు. చెడిపోయిందని పారేసే ఎకో పెట్టెల్లో ఎన్నిటికి ఆ ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పితే చాలునో అన్న అనుమానం, సముద్రపు గాలికి దాని లోపలి పట్టీ నల్లబడిన బోర్డు చేతికి వచ్చిన ప్రతిసారీ కలుగుతుంది.